శివారు టీచరమ్మ

ఆవిడ పోయారన్న సంగతి నాకు యాదమ్మ ఫోన్ చేసి చెప్పింది. బోయిగూడలో మేమున్న సందు మొదట్లో ఉండే మూడంతస్తుల ఇల్లు యాదమ్మది. సందు చివర రెండు గదుల పోర్షన్‌లో టీచరమ్మ అద్దెకు ఉండేవారు. నీళ్ల దగ్గర వాళ్లిద్దరికీ ఏళ్ల తరబడి పడలేదు. అటువంటి యాదమ్మ ఆ ఉదయం ఫోన్లో ముక్కు చీదుకుంటూ మొదలుపెట్టింది.

"సారూ, మీ టీచరమ్మ పోయింది. పొద్దుగాల నల్లా వచ్చింది. ఆమె బిందె పెట్టలే. గప్పుడే నాకు మనసుల ఎట్లనో అనిపించింది. పోయి తలుపు కొడితే తీయలే."

నేను రిటైరై సైనిక్‌పురి వైపు మారి నాలుగేళ్లయింది. ఆటోలో బోయిగూడకి వెళ్తుంటే ఆవిడ ముఖం కన్నా ముందు ఆవిడ అడిగే ప్రశ్న గుర్తొచ్చింది. కొత్తగా ఎవరైనా కోస్తా మనిషి పరిచయమైతే ఊరి పేరు, ఇంటి పేరు, ఉద్యోగం ఏవీ అడిగేవారు కాదు. "మీ ఊరికి ఏ కాలవ నీళ్లండీ?" అనేవారు. బందరు కాలవనో ఏలూరు కాలవనో వాళ్లు చెప్పగానే రెండో ప్రశ్న: "మొదలా, శివారా?"

శివారంటే కాలువ చిట్టచివర, సముద్రానికి దగ్గరగా ఉండే భూములు. పైనున్న ఊళ్లన్నీ తడుపుకున్నాక మిగిలితే అక్కడికి నీళ్లొస్తాయి, లేకపోతే లేదు. ఆవిడది కృష్ణా డెల్టాలో అట్లాంటి ఊరు. కాలువ మొదట్లో వాళ్లని తెలిస్తే మర్యాదగా తల ఊపి ఊరుకునేవారు. శివారు వాళ్లని తెలిస్తే మాత్రం కుర్చీ లాగి కూర్చోబెట్టి టీ పెట్టేవారు. మా స్కూల్లో ఒక కొత్త సైన్సు టీచరు ఆ రెండో ప్రశ్న అర్థంకాక, "మా నాన్నగారిది బ్యాంకు ఉద్యోగమండీ" అంటే, ఆవిడ నొచ్చుకోకుండా, "బ్యాంకుకి కూడా నీళ్లు ఎక్కణ్ణుంచో రావాలి కదమ్మా" అన్నారు.

మేమిద్దరం సికింద్రాబాద్‌లో ఒక మిషన్ స్కూల్లో పందొమ్మిదేళ్లు కలిసి పనిచేశాం. ఆవిడ సోషల్ చెప్పేవారు, నేను లెక్కలు. ఆవిడ నన్ను మాస్టారూ అనేవారు. మా పాలమూరు వైపు అట్లా ఎవరూ పిలవరు కాబట్టి మొదట్లో నాకు ఆ పిలుపు నాటకంలో మాటలా వినిపించేది. తర్వాత ఎవరైనా సార్ అంటేనే పరాయిగా అనిపించేంతగా అలవాటైపోయింది.

పరీక్షల్లో కాగితాలు పంచాల్సి వస్తే ఆవిడ వెనక బెంచీ నుంచి మొదలుపెట్టేవారు. పెళ్లి భోజనాల్లో చివరి వరసలో చివరి కుర్చీ వెతుక్కుని కూర్చునేవారు. కూర అక్కడిదాకా వస్తుందో లేదో చూడటం ఆవిడకు ముఖ్యం. రాకపోతే తన పళ్లెం వదిలి లేచివెళ్లి, వడ్డించేవాడి చేతిలోంచి గరిటె తీసుకునేవారు. ఆడపెళ్లివారు కంగారుపడి వచ్చి క్షమించమంటే, "మీదేం తప్పు లేదండీ. గిన్నె ఎప్పుడూ ఇక్కడిదాకా వచ్చేసరికి అయిపోద్ది. అలవాటే" అనేవారు.

నల్లా తగవు కూడా అట్లా వచ్చిందే. మా సందులో రోజు విడిచి రోజు తెల్లవారుజామున నీళ్లొచ్చేవి. యాదమ్మ ఇంట్లో మోటారు వేస్తే సందు చివరికి చుక్క చేరేది కాదు. మిగతావాళ్లం తిట్టుకుంటూ ట్యాంకర్‌కి చెప్పుకునేవాళ్లం. టీచరమ్మ అద్దెకు దిగిన నెలలోనే వెళ్లి, మొదటి ఇరవై నిమిషాలు సందు చివరి ఇళ్లకు వదిలి ఆ తర్వాత మోటారు వేసుకోమని అడిగారు. వాళ్ల ఊళ్లో కాలువ నీళ్లకు వంతులుంటాయని, అట్లా ఇక్కడా పెట్టుకుందామని చెప్పారు.

"మా ఇంట్ల మోటార్ మేం ఏసుకుంటే నీకేం తక్లీఫమ్మా?" అంది యాదమ్మ.

ఆవిడ వాదించలేదు. నీళ్లొచ్చే ప్రతి తెల్లవారుజామునా ఖాళీ బిందెతో వెళ్లి యాదమ్మ ఇంటి మెట్ల మీద కూర్చునేవారు. ఎవరైనా పలకరిస్తే పలికేవారు. లేకపోతే బిందె పక్కన పెట్టుకుని బైబిలు చదువుకునేవారు. నీళ్లు ఆగిపోగానే ఖాళీ బిందెతోనే లేచి ఇంటికొచ్చేవారు. ఎనిమిదో విడతకు యాదమ్మే మోటారు కట్టేసింది. ఆ పూట నాకు ఎదురుపడి, "గీమెతోని గెల్వలేం సారూ. తిట్టదు, కొట్టదు. గిట్ల కూసుంటే మనకే సిగ్గయితది" అంది. వంతులు అప్పటినుంచి నడిచాయి. తగువులు నడుస్తూనే ఉన్నాయి, ఐదు నిమిషాలు ఇటూ అటూ అయిందని. కానీ యాదమ్మ మోకాలికి ఆపరేషన్ అయినప్పుడు నెలన్నర పాటు ఆమె వంటింటి బిందెలు నింపింది ఆవిడే.

కృష్ణ నీళ్ల గురించి స్టాఫ్ రూంలో వాదనలు వేడెక్కిన రోజులున్నాయి. ఒకసారి నేను కూడా నోరు జారాను. మా ఊరి పక్కనుంచే నది పోతుంది, మా చేలకు మాత్రం చుక్క ఎక్కలేదు, మా నాయన బోర్లు వేసి వేసి అలసిపోయాడు, నీళ్లలో పుట్టి నీళ్లలో పెరిగిన మీకు మా బాధ ఏం తెలుస్తుంది అన్నాను. ఆవిడ దిద్దుతున్న పేపరు పక్కన పెట్టారు.

"మీరు నదికి పైన ఉండీ నీళ్లు చూళ్లేదు. మేం చివర ఉండీ చూళ్లేదు. మధ్యలో ఎవరు తాగారో ఇద్దరం కలిసి వెతుకుదాం రండి మాస్టారూ" అన్నారు.

ఆ రోజు మధ్యాహ్నం డబ్బాలో తెచ్చుకున్న గోంగూర పచ్చడి సగం నా పళ్లెంలో వేశారు. మా స్నేహం అక్కణ్ణుంచి మొదలైంది.

ఆవిడ పెళ్లి చేసుకోలేదు. తండ్రి ఊళ్లో మిషన్ బడి పంతులు. ఆయన పోయాక ఉన్న రెండున్నర ఎకరాలు ఆవిడకి సగం, తమ్ముడికి సగం వచ్చాయి. తమ్ముడు ఊళ్లోనే ఉండి తన భాగం తనే చేసుకునేవాడు. ఆవిడ భాగాన్ని ఏసోబు అనే రైతు కౌలుకు చేసేవాడు. ఏసోబు తండ్రి కూడా ఆ చేలోనే పనిచేశాడు. కౌలు కింద ఏటా బియ్యం బస్తాలు రైల్లో వచ్చేవి. వాటితోపాటు ఒక వరి కంకుల కట్ట పాత తువాలులో చుట్టి వచ్చేది.

ఆ కట్ట చర్చికి. వాళ్ల చర్చిలో చలికాలం చివర ఒక ఆదివారం కోత పండుగ జరుగుతుంది. ఎవరి పంట వాళ్లు తెచ్చి దేవుడి బల్ల ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తే పాడుకుని ఇళ్లకు తీసుకెళ్తారు. ఊళ్లల్లో అయితే ధాన్యం, కోళ్లు, గుమ్మడికాయలు వస్తాయి. సికింద్రాబాద్‌లో ఆఫీసుల వాళ్లు, నర్సులు, టీచర్లు ఏం తెస్తారు? మార్కెట్లో కొన్న అరటిగెలలు, బేకరీ కేకులు, అపార్టుమెంటు కుండీలో కాసిన నాలుగు వంకాయలు తెచ్చేవారు. వాటి మధ్య సొంత చేలోంచి వచ్చిన కంకులు ఆవిడవొక్కటే. ఏటా స్టేషన్ నుంచి ఆ కట్టను మోసుకొచ్చే పని నాకు అప్పగించేవారు. ఆటోలో కంకులు రాలకుండా ఒళ్లో పెట్టుకోవాలని ఆజ్ఞ.

ఒక దసరా సెలవుల్లో టీచరమ్మతో పాటు నేనూ మా ఆవిడా వాళ్ల ఊరు వెళ్లాం. డెల్టా అంటే కనుచూపు మేరా పచ్చగా ఉంటుందని నా ఊహ. బస్సు దిగి ఆటో ఎక్కాక రోడ్డుకు రెండు వైపులా చెరువులే కనిపించాయి. చేపల చెరువులు కొన్ని, రొయ్యల చెరువులు ఎక్కువ. పక్షులు వాలకుండా పైన దారాలు కట్టారు. నీళ్లలో గాలి కలపడానికి చక్రాలు గిర్రున తిరుగుతూ తెల్లటి నురుగు కొడుతున్నాయి. గట్ల మీద కొబ్బరిచెట్ల మట్టలు ఎర్రబారి వేలాడుతున్నాయి. ఇన్ని నీళ్ల మధ్య ఉన్న ఊళ్లో మనుషులు తాగే నీళ్లు క్యాన్లలో కొనుక్కుంటున్నారు. మా ఊళ్లో నీళ్లు లేక పొలం ఎండటం చూశాను గానీ, నీళ్ల మధ్య పొలం ఎండుతుందని అక్కడే మొదటిసారి చూశాను.

తమ్ముడు తన భాగాన్ని అప్పటికి రెండేళ్ల క్రితమే చెరువుకు లీజుకిచ్చాడు. చుట్టూ ఉన్నవాళ్లూ ఇచ్చేశారు. మధ్యలో ఆవిడ ఎకరం పాతిక సెంట్లు ఒక్కటే పచ్చగా మిగిలింది. ఆ పచ్చ కూడా నడిమధ్యలోనే ఉంది. అంచులు చుట్టూ పసుపు తిరిగి, గట్టు వారన తెల్లగా పొడి కట్టి ఉంది. మా ఆవిడ వేలితో తీసి చూసి నాలుక మీద పెట్టుకుని ఉమ్మేసింది. ఉప్పు.

తమ్ముడు మంచివాడు. మాకోసం ఉదయమే వెళ్లి చేపలు తెచ్చాడు. అక్కతో ముక్తసరిగా మాట్లాడాడు గానీ నన్ను గట్టు మీదకి తీసుకెళ్లి తన గోడు చెప్పుకున్నాడు. మూడేళ్లు వరసగా చేను పొట్ట మీద, కంకి వేయబోతూ ఉన్నప్పుడు కాలువ నీళ్లు రాలేదట. నాలుగో ఏడు పంట చేతికొచ్చే సమయానికి తుఫాను వచ్చి పడుకోబెట్టిందట. చెరువు వాళ్లు వచ్చి అడిగితే కాళ్లు కడిగినంత పని చేశానన్నాడు.

"అక్క జీతం మనిషండి. చేను పండకపోయినా ఆవిడకి ఒకటో తారీఖు వస్తది. నాకు రాదు కదండీ. ఆవిడ మధ్యలో అట్టా అడ్డంగా ఉంటే గట్టు తిప్పడానికి లేదు, మందలించడానికి లేదు" అన్నాడు.

మధ్యాహ్నం భోజనంలో మాకు రొయ్యల కూర వడ్డించారు. ఆవిడకు విడిగా దొండకాయ వేపుడు చేశారు. తన చేను చుట్టూ చెరువులు వచ్చినప్పటినుంచి ఆవిడ రొయ్యలు ముట్టలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. తమ్ముడు తన పళ్లెంలో రొయ్యలను ఒక పక్కకు జరిపి మజ్జిగ పోసుకుని లేచాడు.

తిరుగు రైల్లో నేను అడిగాను, ఇచ్చెయ్యొచ్చు కదా మేడమ్ అని. ఆవిడ కిటికీలోంచి చూస్తూ, భూమి గురించి కాదన్నారు. ఊడ్పులకు వెళ్లే ఆడవాళ్లందరూ ఇప్పుడు రొయ్యల షెడ్లలో తలకాయలు వలుస్తున్నారట. మగవాళ్లు చెరువుల మీద కాపలాకు పోతున్నారు, లేదంటే ఊరు వదిలిపెడుతున్నారు. "ఏసోబుకి నాగలి తప్ప ఇంకేం చేతకాదు. నేను కూడా ఇచ్చేస్తే వాడెక్కడికి పోతాడు మాస్టారూ?" అన్నారు. ఆ తర్వాతి ఏడు తమ్ముడు ఇంకోసారి గట్టిగా అడిగాడు, ఆవిడ ఇంకోసారి కాదన్నారు. దాంతో అక్కాతమ్ముళ్ల మధ్య ఫోన్లు కూడా ఆగిపోయాయి.

అట్లా నాలుగేళ్లు గడిచాయి. బస్తాలు వస్తూనే ఉన్నాయి, కంకులు వస్తూనే ఉన్నాయి. చుట్టూ ఉప్పు నీళ్లున్నా తన చేను పండుతోందని ఆవిడ స్టాఫ్ రూంలో చెప్పుకునేవారు. ఆ చెప్పడంలో కొంచెం గర్వం ఉండేది. దేవుడు చూస్తున్నాడనే నమ్మకం కూడా ఉండేదనుకుంటాను.

ఐదో ఏడు కంకులను ఏసోబే తీసుకొచ్చాడు. డిసెంబరులో ఒక సెలవు రోజు ఉదయం ప్రశ్నపత్రాల పని మీద నేను ఆవిడ ఇంటికి వెళ్లేసరికి, గడప దగ్గర ఒక బక్కపల్చటి మనిషి నిలబడి ఉన్నాడు. వందనాలండి అన్నాడు. కుర్చీలో కూర్చోమని ఆవిడ రెండుసార్లు అన్నాక అంచున కూర్చుని, చేతిలో తువాలు మూట కింద పెట్టాడు. ఆవిడ సంతోషంగా విప్పారు. ఒక కంకి తీసి గోటితో నొక్కి చూశారు. ఇంకోటి తీశారు. ఇంకోటి. అన్నీ తాలే. లోపల గింజ లేదు, పొట్టు ఒక్కటే ఉంది.

"ఇంక నావల్ల కాదండి అక్కగారూ. ఇచ్చెయ్యండి" అన్నాడు ఏసోబు.

"ఎవరికి?"

"తమ్ముడుగారికేనండి. చెరువుకి."

"ఇస్తే నువ్వేం చేస్తావు?"

"ఇప్పుడేం చేస్తన్నానండీ?" అన్నాడు. "మీ చేలో గింజ నా ఇంటికొచ్చి మూడేళ్లయిందండి. మార్త షెడ్డుకెళ్లి తెచ్చిందే తింటన్నాం."

మార్త ఏసోబు భార్య. టీచరమ్మకు అర్థం కాలేదు. నాకూ కాలేదు. "మరి ఏటా బియ్యం పంపుతున్నావుగా ఏసోబూ?" అని అడిగారు.

అతను చేతులు మోకాళ్ల మధ్య పెట్టుకుని నేల చూశాడు. "కొని పంపానండి."

"కంకులు?"

"పై ఊళ్లో అడిగి కోసుకొచ్చేవోణ్ణండి. ఈయేడు మాత్రం అవి మన చేలోయేనండి. మీకు చూపించాలని తెచ్చాను."

బయట ఎవరో బిందె నింపుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదో అతనే చెప్పాడు. "మీరు నాకోసం చేను ఇయ్యకుండా నిలబడ్డారని ఊరంతా తెలుసండి. సొంత తమ్ముడుగారితో మాటలు మానుకున్నారు. అట్టాంటప్పుడు పండట్లేదని ఎట్టా చెప్పను? మీ మాట పోద్దని ఏటా దున్నాను. విత్తనం నీళ్లల్లో పోసినట్టే పోయేది. నాకోసం కాదండి అక్కగారూ, మీకోసం వేశాను."

ఆవిడ ఆ కంకులను మళ్లీ తువాలులో చుట్టారు. పందొమ్మిదేళ్లలో ఆవిడ ఏడవడం నేను చూడలేదు. ఆ రోజు కూడా ఏడవలేదు. లేచి స్టవ్ వెలిగించి, బియ్యం కడిగి, అతనికి అన్నం వండారు. అతను తింటుండగా ఎదురుగా కూర్చుని, మార్త చేతులు ఎట్లా ఉన్నాయని అడిగారు. ఐసులో ఉండీ ఉండీ వేళ్లు పగులుతున్నాయని, రాత్రిళ్లు కొబ్బరినూనె రాసుకుంటుందని చెప్పాడు.

"నా మొండితనానికి నీ ఇంటి ఆడమనిషి ఐసులో చేతులు పెట్టింది" అన్నారు ఆవిడ.

"అట్టా అనకండి. మీరు ఇచ్చేసున్నా షెడ్డుకెళ్లేదే. ఊరంతా వెళ్తంది" అన్నాడు ఏసోబు. ఓదార్పుగా అన్నాడు గానీ ఆ మాట ఆవిడకు ఇంకా ఎక్కువ తగిలిందని నాకనిపించింది.

జనవరిలో కోత పండుగకి ఆవిడ ఆ తాలు కంకుల కట్టే తీసుకెళ్లారు. నన్నూ రమ్మన్నారు. అరటిగెలలు, కేకులు, కొబ్బరికాయలు పేర్చిన బల్ల దగ్గర పాస్టరుగారు కట్టను అందుకుని, చేతికి బరువు తగలకపోయేసరికి ఆవిడ వైపు చూశారు. వాళ్లు పాస్టరుగారిని అయ్యగారు అంటారు.

"పండింది ఇదే అయ్యగారూ. పండిందే కదా తేవాలి" అన్నారు ఆవిడ.

ఆయన ఇంకేమీ అడగకుండా ఆ కట్టను మిగతావాటి పక్కనే పెట్టారు. వేలంలో దాని వంతు వచ్చినప్పుడు పాట నడిపిస్తున్న సంఘ పెద్ద దాన్ని ఎత్తి పట్టుకున్నాడు. ఎవరూ పాడలేదు. ఏం చేయాలో తెలియక ఆయన మెల్లగా కింద పెట్టి గుమ్మడికాయ అందుకున్నాడు. నాకు ఆవిడ వైపు చూడటానికి కష్టమైంది.

అంతా అయ్యాక జనం ఇళ్లకు పోతారనుకున్నాను. కొందరు ఆ బల్ల దగ్గర ఆగిపోయారు. పట్టుచీరలో ఉన్న ఒక నర్సు కంకి తీసి గోటితో నొక్కి చూసి, మావైపూ ఇంతే అంది. రైల్వేలో చేసి రిటైరైన ఒక పెద్దాయన చేతికర్ర మీద వాలి, "మాదీ ఇచ్చేశామమ్మా చెరువుకి. ఇక్కడ ఎవరికీ చెప్పుకోలేదు" అన్నాడు. అట్లా ఐదారు కుటుంబాలు తేలాయి. సికింద్రాబాద్‌లో స్థిరపడి, ఊళ్లో ఎకరమో అరెకరమో మిగిలి, దాన్ని రొయ్యలకు ఇచ్చి, ఆ సంగతి ఒకరి దగ్గర ఒకరు దాచుకున్నవాళ్లు. ఆవిడ ఒక్కొక్కరినీ ఏ కాలవ అని అడిగారు. మొదలా శివారా అని మాత్రం అడగలేదు.

ఆ వారమే తమ్ముడికి ఫోన్ చేశారు. చేను ఇస్తానన్నారు. లీజు డబ్బు మాత్రం ఏసోబు ఇంటికి చేరాలని, మార్త షెడ్డుకు వెళ్లకూడదని చెప్పారు. తమ్ముడు సరేనన్నాడు. చెరువు తవ్వేరోజు ఆవిడ స్కూలుకు సెలవు పెట్టలేదు. మామూలుగా వచ్చి, తొమ్మిదో తరగతికి నదీ వ్యవస్థలు పాఠం చెప్పారు. నేను పక్క క్లాసులో ఉన్నాను. ఆవిడ గొంతు ఎప్పటికన్నా కొంచెం గట్టిగా వినిపించింది.

చెరువు మూడేళ్లు నడిచింది. మొదటి ఏడు బాగుందట. తర్వాత రొయ్యకు జబ్బు తగిలింది, ఒకటి తర్వాత ఒకటి చెరువులన్నిట్లో రొయ్యలు చచ్చి తేలాయి. రేటూ పడిపోయింది. లీజుకు తీసుకున్నవాళ్లు మోటార్లు విప్పుకుని వెళ్లిపోయారు. తెల్లగా పొరకట్టిన గుంటలు మిగిలాయి. అందులో వరి రాదు, రొయ్య బతకదు. మార్త మళ్లీ షెడ్డుకు పోవాల్సొచ్చింది. అప్పటికి ఆవిడ రిటైరయ్యారు. సంగతి తెలియగానే ఊరెళ్లి నెల రోజులు ఉన్నారు.

ఆ నెలలో ఏం జరిగిందో తర్వాత ఆవిడే నాకు చెప్పారు. మొదటి వారం తమ్ముడు ఆవిడ ఎదురుపడలేకపోయాడట. ఆవిడ ఒక్క మాట కూడా ఎత్తిపొడవలేదు. రోజూ సాయంత్రం ముగ్గురూ, ఆవిడా తమ్ముడూ ఏసోబూ, గట్టు మీద నడిచేవాళ్లు. వ్యవసాయం తెలిసిన ఒకాయన్ని పిలిపించి మట్టి చూపించారు. ఉప్పు పోవాలంటే కడగడం ఒక్కటే దారి అన్నాడాయన. చెరువు గట్లు తీసేసి నేల చదును చేయాలి. వాన నీళ్లు నిలబెట్టి, ఉప్పు కరిగాక, సముద్రం వెనక్కి తగ్గిన పాటు వేళ చూసి తూము ఎత్తి మురుగు కాలవలోకి వదిలెయ్యాలి. పోటు మీద ఉండగా ఎత్తితే ఉప్పు నీళ్లే లోపలికి తన్నుకొస్తాయి. మళ్లీ వాన, మళ్లీ అదే పని. కొంచెం తేరుకున్నాక పచ్చిరొట్ట ఎరువుకని జీలుగ చల్లి, పెరిగాక దున్నెయ్యాలి. ఎన్నేళ్లు పడుతుందో ఆయన చెప్పలేదు.

తమ్ముడు తన భాగం కూడా కలిపేశాడు. గట్లు తీయించడానికి ఆవిడ రిటైర్మెంటు డబ్బు పెట్టారు. ఆ తర్వాత బోయిగూడలో ఆవిడకు రోజూ ఒకటే పని, ఊళ్లో వాన పడిందా అని ఫోన్ చేయడం. నేను చూడబోయినప్పుడల్లా ఫోన్ చెవి దగ్గరే ఉండేది. ఇక్కడ మబ్బు పడితే, ఇది తూర్పుకి పోతే బాగుండునని అనుకునేవారు. మొదటి ఏడు గడ్డి కూడా మొలవలేదు. రెండో ఏడు జీలుగ మోకాలెత్తు పెరిగిందని ఏసోబు ఫోటో పంపాడు. ఆవిడ ఆ ఫోటో యాదమ్మకు కూడా చూపించారట. "గడ్డి లెక్కుంది సారూ. గడ్డికి గంత సంబరపడ్డది" అని ఆవిడ పోయిన రోజు యాదమ్మ కళ్లు తుడుచుకుంటూ నాకు చెప్పింది.

మూడో ఏడు జులైలో ఆవిడ పోయారు. ముందురోజు ఊరికి ఫోన్ చేసి మాట్లాడారు. తెల్లారి లేవలేదు.

తమ్ముడు, ఏసోబు, మార్త రాత్రి బండెక్కి ఉదయానికి వచ్చారు. చర్చిలో ఆరాధన జరిగి, సమాధి చేసేసరికి మూడైంది. మార్త మట్టి వేస్తున్నప్పుడు ఆమె వేళ్లు చూశాను. గోళ్ల చుట్టూ చర్మం మొద్దుబారి తెల్లగా పాలిపోయి ఉంది. సాయంత్రం చర్చి హాల్లో, పోయినవాళ్లను తలుచుకునే ఆదరణ కూడిక పెట్టారు. ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్లు ఎక్కడెక్కడి నుంచో వస్తున్నారు. సందులోవాళ్లందరూ ఉన్నారు. యాదమ్మ కర్ర పట్టుకుని ముందు వరసలో కూర్చుంది. అందరూ తమ్ముడు మాట్లాడాలని ఎదురుచూస్తున్నారు.

అతను నన్ను పక్కకు పిలిచి, స్టేషన్‌కి ఆటో దొరుకుతుందా అని అడిగాడు. సాయంత్రం బండికి వెళ్లిపోతామన్నాడు. నాకు కోపం వచ్చింది. ఒక్క పూట ఉండలేరా, మీ అక్క గురించి రెండు మాటలు చెప్పలేరా అన్నాను. ఏసోబు తల వంచుకున్నాడు. తమ్ముడే చెప్పాడు. రెండ్రోజులుగా ఊళ్లో వాన ఆగకుండా పడుతోందట. చేలో గట్టు నిండా నీళ్లు నిలబడ్డాయి. రేపు తెల్లవారి పాటు వేళకు తూము ఎత్తకపోతే ఆ నీళ్లు గట్టు తెంపుకుపోతాయి. తెగిన గండిలోంచి పోటు వేళ ఉప్పు నీళ్లు మళ్లీ చేలోకి ఎక్కుతాయి. ఈ ఏడు చేసిందంతా పోతుంది. తూము దగ్గర అనుభవం ఉన్నవాళ్లు తామిద్దరే.

నేనే ఆటో మాట్లాడి వాళ్లను సికింద్రాబాద్ స్టేషన్‌కి తీసుకెళ్లాను. జనరల్ పెట్టెలో మార్తకు కిటికీ పక్కన చోటు దొరికింది. ఏసోబు తలుపు దగ్గర కింద కూర్చుని అప్పుడే ఫోన్లో ఎవరినో గట్టు ఎట్లా ఉందని అడుగుతున్నాడు. తమ్ముడు చివరిదాకా ప్లాట్‌ఫారం మీద నా పక్కనే నిలబడ్డాడు. కూడిక దగ్గర అన్న మాటకు క్షమించమన్నాను. అక్క ఉంటే మీరు అట్లా వెళ్లిపోవడం తప్పనుకునేది కాదులెండి అని ఏదో సర్దబోయాను.

అతను కళ్లు తుడుచుకుని, కదులుతున్న బండి ఎక్కుతూ అన్నాడు. "తప్పా? అక్క ఉంటే ఈపాటికి తిట్టి మధ్యాహ్నం బండికే పంపేసేదండి."